ఫోను మనది, ముకుతాడు వారిది

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున సుక్మా జిల్లాలో, కుంట ప్రాంతమందు గొల్లపల్లి యను గ్రామము కలదు. తెలంగాణ సరిహద్దుననున్న మరాయిగూడెము మీదుగా కిష్టారము వైపు పోవు త్రోవలో అది తగులును. ఆ పేరు తెలుగుపేరని వేరుగ చెప్పనక్కరలేదు. ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తరు రాజ్యమును నెలకొల్పెనని అచ్చటి రాజవంశమువారు చెప్పుకొను కథ. కథ యెట్లున్నను, శబరీతీరమున తెలుగు వినబడుట నేటికిని వింత కాదు. బస్తరు సంస్థానము 1948లో మధ్యపరగణాలలో విలీనమైనది. తరువాత ఆ భూమి మధ్యప్రదేశమునకును, 2000వ సంవత్సరము నవంబరు 1వ తేదీనుండి ఛత్తీస్‌గఢ్‌కును చెందినది. 2012లో సుక్మా ప్రత్యేక జిల్లా అయినది.

పాలనాపటము ఇన్నిమారులు మారినను టెలిఫోను పటము మాత్రము వేరుగనే యుండిపోయినది. టెలిఫోను శాఖవారి లెక్కలో ఛత్తీస్‌గఢ్ నేటికిని మధ్యప్రదేశ్ సర్కిలులోనిదే. తెలంగాణమా, ఆంధ్రప్రదేశ్ సర్కిలులోనిది. కనుక గొల్లపల్లివాడు సరిహద్దు దాటి మేనమామ ఇంటికి పోయిన, రాష్ట్రముతోపాటు సర్కిలు కూడ దాటినట్లే. అవతలినుండి వచ్చిన పిలుపును అందుకొన్నందులకు కూడ రుసుము చెల్లింపవలసిన కాలము చాలదినములు నడచినది. బి.ఎస్.ఎన్.ఎల్. వారు 2015 జూన్ 15నుండి దేశమంతటను ఇట్టి వచ్చుపిలుపులపై రుసుమును ఎత్తివేసిరి. అదే సంవత్సరము జూలై 3నుండి, ఏ సర్కిలుకు పోయినను పాత అంకెనే ఉంచుకొని కంపెనీని మార్చుకొను వీలు దేశవ్యాప్తమైనది. బదిలీల ఉద్యోగములు చేయు మనవారికి ఈ రెండును ఎంత మేలు చేసినవో మనకందఱకును అనుభవమే.

అంకెకు స్వేచ్ఛ వచ్చినది. మరి ఆ అంకెను మోయు ఫోనుకో? ఈ వ్యాసము ఆ ప్రశ్నను గూర్చినది.

కొన్ని ఫోనులకు కంపెనీవారు లోపల ఒక తాళము వేసి అమ్ముదురు. ఆ ఫోనులో వారి సిమ్ము తప్ప వేఱొకరి సిమ్ము పెట్టిన పని చేయదు. పట్టణమున ఇది చికాకు మాత్రమే. అడవిసీమలో ఇది ఫోను ఉండుటకును లేకుండుటకును గల భేదము. తీవ్రవాద ప్రభావిత ప్రాంతములలో కేంద్రప్రభుత్వము మొదటి విడతగా నెలకొల్పించిన మొబైలు గోపురములు 2,343 స్థలములలో బి.ఎస్.ఎన్.ఎల్. వారివి. అవి మొదట రెండవ తరమువి. మాటకు చాలును, మరి దేనికిని చాలవు. వానిని నాలుగవ తరమునకు మార్చుటకై 2022 ఏప్రిలులో కేంద్ర మంత్రివర్గము 1,884.59 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. ఇట్టి సీమలో ఏ ఊరికి ఏ కంపెనీ గోపురము అందునో ఆ కంపెనీయే ఆ ఊరికి గతి. భద్రాచలములో చవుకగా దొరకినదని వేఱొక కంపెనీ తాళము గల ఫోనును కొని అడవిలోనికి తెచ్చుకొన్నవానికి అది చీకటిలో దారి చూపు దీపముగ మాత్రమే పనికివచ్చును. సొమ్ము వానిది, వస్తువు వానిది, రసీదు కూడ వాని పేరనే యున్నది. ఎద్దును అమ్మి ముకుతాడును తన గుప్పిటనే ఉంచుకొన్న బేరగాని చందము.

ఈ ముకుతాడు చరిత్ర మనము తలంచినంత కొత్తది కాదు. మన దేశమున 1885నాటి టెలిగ్రాఫు చట్టము తంతితపాలా వ్యవహారమునంతను ప్రభుత్వపు ప్రత్యేకాధికారముగ చేసినది. ఆ నీడలో ఇంటనున్న నల్లని టెలిఫోను కూడ చందాదారునిది కాదు, శాఖవారిది. బెంగుళూరులో 1948లో స్థాపితమైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌వారు తయారుచేసిన పరికరమును శాఖవారు తెచ్చి గోడకు తగిలించిపోదురు; చందాదారు అద్దె కట్టుచుండును. ముందుగ పెద్దమొత్తము చెల్లించి త్వరగ కనెక్షను పొందు పద్ధతికి ‘ఓన్ యువర్ టెలిఫోన్’ అని పేరుపెట్టిరి. పేరులో సొంతమన్నమాట కలదు గాని, పరికరము శాఖవారిదే! చందాదారులు వాడు పరికరముల తయారీకి ప్రైవేటు సంస్థలకు 1984లో అనుమతి లభించిన పిమ్మటనే, అంగడిలో ఫోను కొని తెచ్చుకొనుట అనునది మన ఇండ్లలో క్రమముగ అలవాటైనది. శాఖవారి ఏలుబడిలో ఒక నిజాయితీ మాత్రముండెను. వస్తువు నీది కాదని వారు ముందే చెప్పిరి.

ఇట్టి తగవే అమెరికాలో అంతకుముందే నడచినది. అచ్చట ఏ.టి. అండ్ టి. కంపెనీవారు తమ ఫోనుకు పరులు చేసిన ఏ వస్తువును తగిలింపరాదని శాసించిరి. ప్రక్కవారికి మాట వినబడకుండ ఫోను నోటికి తొడుగు ‘హష్-ఎ-ఫోన్’ అను చిన్న గిన్నెవంటి వస్తువును సైతము వారు నిషేధింపజూడగా, 1956లో అప్పీలు న్యాయస్థానము ఆ నిషేధమును త్రోసిపుచ్చినది. గిన్నె తొడిగిన మాత్రమున తంతికి వచ్చిన హాని ఏమి? టెక్సాసువాడగు థామస్ కార్టర్ రేడియోను ఫోనుకు జతపరచు యంత్రమును చేసి అమ్మగా ఆ వివాదము 1968లో తేలినది. వలకు కీడు చేయని పరికరమును చందాదారు తన ఇష్టము చొప్పున తగిలించుకొనవచ్చునని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌వారు నిర్ణయించిరి.

ఇక మన హైదరాబాదుకు వత్తము. సెల్‌ఫోను తాళమును గూర్చి మన తెలుగు గడ్డపై న్యాయస్థానమునకెక్కిన ముఖ్యమైన వ్యాజ్యము అచ్చటనే పుట్టినది.

రిలయన్స్‌వారు 2002 డిసెంబరు చివర తమ మొబైలు సేవను ప్రారంభించిరి. వారిది సి.డి.ఎమ్.ఏ. పద్ధతి. ఆ ఫోనులలో తీసి పెట్టుకొను సిమ్ము ఉండదు. ఫోనును గుర్తించు వివరములన్నియు ఫోను కడుపులోనే యుండును. అవి ముఖ్యముగ మూడు: తయారీలోనే ఫోనుకు వేయబడు ఎలక్ట్రానిక్ క్రమసంఖ్య, చందాదారు అంకెనుండి పుట్టు మొబైలు గుర్తింపు సంఖ్య, ఏ కంపెనీ వలయో తెలుపు సంఖ్య. ఫోను తెఱవగానే ఈ సంఖ్యలు గోపురమునకు చేరును. అవి కుదిరిననే మాట కలియును. కనుక సి.డి.ఎమ్.ఏ. ఫోనును ఒక కంపెనీనుండి మఱొక కంపెనీకి మార్చుటయనగా, సిమ్ము తీసి సిమ్ము పెట్టుట వంటి సులువైన పని కాదు. ఫోను లోపలి వ్రాతనే తిరుగవ్రాయవలెను.

నాటి పథకము వివరములు న్యాయస్థానపు తీర్పులోనే యున్నవి. 10,500 రూపాయలు విలువ చేయు ఫోనును, మూడేండ్ల సేవతో కలిపి, మొదట 3,350 రూపాయలు కట్టించుకొని ఇచ్చుచుండిరి. తరువాత నెలనెలా 600 రూపాయలు. గుణించి చూచిన మూడేండ్లకు మొత్తము 24,950 రూపాయలగును. ఆ ఫోను రిలయన్స్ వలలో మాత్రమే పలుకునట్లు తాళము వేయబడియుండును. దీనిలో కంపెనీవారి పక్షమున కూడ న్యాయము కొంత కలదని ఒప్పుకొనవలెను. పదివేల వస్తువును మూడువేలకు చేతిలో పెట్టినవాడు, తక్కిన సొమ్ము నెలవాయిదాలలో రాబట్టుకొనువఱకు ఏదో ఒక పట్టు ఉంచుకొనక తప్పదు. అప్పు తీరువఱకు తాకట్టు. అప్పు తీరిన పిదప కూడ తాకట్టు విడువకుండుట వేఱు సంగతి.

ఆ పథకమునకు గిరాకి విరివిగ వచ్చినది. 2003లో మఱొక చిత్రము జరిగినది. ఇంతకంటె తక్కువ ఖర్చుతో టాటా ఇండికామ్ పథకమునకు మారవచ్చుననియు, ఇదే ఫోను తాళము విప్పించి అందులో పనిచేయించెదమనియు రిలయన్స్ చందాదారులతో కొందఱు బేరములు సాగించుచున్నారని ఫిర్యాదు వచ్చినది. శాంసంగ్ ఎన్-191, ఎల్.జి. 2030 రకముల ఫోనులలోని క్రమసంఖ్యలను తారుమారు చేసిరని ఆరోపణ. హైదరాబాదు సి.ఐ.డి. పోలీసువారు 2003లో 20వ నంబరు నేరముగ కేసు నమోదు చేసి, టాటావారి కార్యాలయములలో సోదాలు జరిపి, ఉద్యోగులను కొందఱిని నిర్బంధించిరి. నమ్మకద్రోహము, మోసము, కుట్ర అను శిక్షాస్మృతి నేరములతోపాటు, 2000నాటి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టములోని 65వ సెక్షను, కాపీరైటు చట్టములోని 63వ సెక్షను చేర్చిరి. ఉద్యోగులు ఈ కేసును కొట్టివేయవలసినదిగ ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమును వేడిరి.

తీర్పు 2005 జూలై 29న వెలువడినది. ఫోను కంప్యూటరగునా యను ప్రశ్న అచ్చట చర్చకు వచ్చినది. ఈనాడు చేతిఫోనుతో రైలు టిక్కెట్లు కొను మనకు ఆ ప్రశ్న విడ్డూరముగ తోచును గాని, ఆనాటి ఫోను అంకెలు నొక్కి మాటలాడు పెట్టె మాత్రమే. న్యాయస్థానము చట్టములోని నిర్వచనమును పరిశీలించి, సెల్‌ఫోను కంప్యూటరేయనియు, అందులోని క్రమసంఖ్యను మార్చుట కంప్యూటరు మూలసంకేతమును తారుమారు చేయుట క్రిందికి రాగలదనియు చెప్పినది. ఆ సెక్షను క్రింద మూడేండ్లవఱకు ఖైదు, లేదా రెండు లక్షలవఱకు జరిమానా, లేదా రెండును. నమ్మకద్రోహము, మోసము, కుట్ర అను ఆరోపణలను న్యాయస్థానము కొట్టివేసినది. 65వ సెక్షను, కాపీరైటు ఆరోపణలను మాత్రము నిలిపి, దర్యాప్తును మూడు నెలలలో ముగింపుమని పోలీసువారిని ఆదేశించినది.

దేశమున ఎచ్చట సైబరు చట్టమును బోధించినను ఈ హైదరాబాదు వ్యాజ్యమును ఉదాహరింతురు. అది మనవారికి కొంత గర్వకారణమే. అయినను తీర్పును చదువునపుడు నాకొక వెలితి తోచినది. కంపెనీ కలదు, పోటీ కంపెనీ కలదు, పోలీసువారు కలరు. నెలకు 600 చొప్పున కట్టుచున్న చందాదారు మాత్రము ప్రక్కన నిలబడియుండెను. మూడేండ్లును గడచి బాకీ అంతయు తీరిన పిమ్మట ఆ ఫోను ఎవరిది, దాని తాళము విప్పించుకొను హక్కు అతనికి కలదా యను ప్రశ్న ఆనాడు న్యాయస్థానము ముందునకు రాలేదు. వచ్చినది నేరము జరిగెనా లేదా యను ప్రశ్న.

ఇచ్చట ఒక భేదమును గట్టిగ గుర్తుంచుకొనవలెను. సిమ్ము గల ఫోనులలో రెండు వేర్వేఱు సంగతులున్నవి. ఒకటి, ఫోను గుర్తింపు సంఖ్య, దానిని ఐ.ఎమ్.ఇ.ఐ. అందురు. స్టార్, హ్యాష్, సున్న, ఆఱు, హ్యాష్ అని నొక్కిన తెరపై కనబడును. రెండవది తాళము. ప్రతి సిమ్ములోను దేశమును, కంపెనీని తెలుపు అంకెలతో మొదలగు ఒక సంఖ్య యుండును. మన దేశపువి 404, 405 అను అంకెలతో ప్రారంభమగును. తాళము గల ఫోను ఈ తొలి అంకెలను చూచి, తనకు చెప్పిన కంపెనీవి కానియెడల సిమ్మును నిరాకరించును. కంపెనీవారిచ్చు సంకేతాంకెను నొక్కిన ఈ పోలిక ఆగిపోవును. గుర్తింపు సంఖ్య చెక్కుచెదరదు. గుర్తింపు సంఖ్యను మార్చుట పూర్తిగ వేఱు పని. అది దొంగఫోనులను దాచువారి విద్య. దానిని నిషేధించుచు 2017లో నియమములు వచ్చినవి. 2023నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టములోని 42వ సెక్షను ప్రకారము, గుర్తింపు సంఖ్యలను తారుమారు చేసినవారికి మూడేండ్లవఱకు ఖైదు గాని, యాబది లక్షలవఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కావున వీధిమలుపు దుకాణమువాడు “ఇచ్చిపోండి సార్, సాయంత్రానికి విప్పేస్తాను” అన్నపుడు, అతడు విప్పునది తాళమో, మార్చునది సంఖ్యయో తెలియక ఫోనును అప్పగించుట క్షేమము కాదు. తాళము వేసినవారిచేతనే విప్పించుకొనుట మేలు.

అమెరికాలో ఈ హక్కు కొఱకు జరిగిన పెనుగులాటను మన పిల్లలు స్వయముగ ఎఱుగుదురు. అచ్చట వాయిదాలపై కొన్న ఫోనును సంక్రాంతికి వచ్చుచు వెంటతెచ్చి, గుంటూరులోనో కరీంనగరులోనో ఇచ్చటి సిమ్మును పెట్టగనే ‘ఈ సిమ్ము చెల్లదు’ అని తెరపై చూచినవారు మన ఇండ్లలో తక్కువ కారు. 1998నాటి డిజిటల్ కాపీరైటు చట్టము అచ్చట ఏ డిజిటల్ తాళమును త్రెంచుటయైనను తప్పన్నది. దానికి మినహాయింపులనిచ్చు అధికారము కాంగ్రెసు గ్రంథాలయాధికారిది. గ్రంథాలయమునకును ఫోను తాళమునకును ఏమి పొత్తని మనకు నవ్వు వచ్చును గాని, కాపీరైటు కార్యాలయము ఆ గ్రంథాలయములోని భాగము. 2006లో ఆయన ఫోనులకు మినహాయింపు నిచ్చెను. 2012లో దానిని ఉపసంహరింపగా, 2013 జనవరి 26 తరువాత కొన్న ఫోను తాళమును కంపెనీ అనుమతి లేక విప్పుట మరల తప్పయినది. సొంత ఫోనుకు ఇదెక్కడి న్యాయమని 1,14,000 మందికి పైగా శ్వేతసౌధమునకు అర్జీపై సంతకములు చేసిరి. ప్రభుత్వము వారి పక్షము వహించినది. కాంగ్రెసు చట్టము చేయగా 2014 ఆగస్టు 1న అధ్యక్షుడు ఒబామా దానిపై సంతకము చేసెను. కెనడాలో 2017 డిసెంబరు 1నుండి తాళము విప్పుటకు రుసుము పుచ్చుకొనరాదని నియంత్రణాధికారులు ఆజ్ఞాపించిరి. బ్రిటనులో 2021 డిసెంబరునుండి తాళము వేసిన ఫోనులను కంపెనీలు అమ్ముటయే నిషిద్ధమైనది.

మన దేశమున సాధారణముగ అంగడిలో ఫోను వేఱుగ, సిమ్ము వేఱుగ కొనుట వాడుక. అందుచేత మనకు ఈ బాధ అంతగ తెలియదు. ఇది మన సంతబేరపు పద్ధతి చేసిన మేలేయని నా యభిప్రాయము. కాని తాళము రెండుమారులు గట్టిగనే తలయెత్తినది. 2008 ఆగస్టులో ఐఫోను మన దేశమునకు వచ్చినపుడు ఎయిర్‌టెల్, వొడాఫోన్‌వారు అమ్మిరి. చిన్నదాని ధర 31,000 రూపాయలు. వాయిదా లేదు, రాయితీ లేదు. పూర్తి సొమ్ము చెల్లించిన వస్తువునకు కూడ తాళమే! హైదరాబాదు వ్యాజ్యములో కంపెనీకి చెప్పుకొన గలిగిన న్యాయము ఇచ్చట ఏ మాత్రమును లేదు. రెండవది 2017 జూలైలో ప్రకటించిన జియోఫోను. 1,500 రూపాయలు ధరావతు కట్టి తీసికొని, మూడేండ్లకు ఫోను తిరిగి ఇచ్చిన సొమ్ము మరల వచ్చునన్నారు. అందులో జియో సిమ్ము తప్ప వేఱొకటి పలుకదు. పల్లెలకు చేరిన చవుక ఫోను అదియే. జియో గోపురము లేని ఊరిలో, బి.ఎస్.ఎన్.ఎల్. గోపురము క్రిందనే నిలబడినను, అది మూగదే. ఇచ్చట ఫోను ఎవరిదను ప్రశ్న మరల నల్ల టెలిఫోను కాలమునకు పోయినది. ధరావతు కట్టినవాడు కొన్నవాడా, అద్దెకు పుచ్చుకొన్నవాడా?

బదిలీపై జగదల్‌పూరుకో, సుక్మాకో, ఇంకను లోపలికో పోవు మనవారికి రెండు మాటలు. బయలుదేరకముందే మీ ఫోనులో స్నేహితుని వేఱు కంపెనీ సిమ్ము నొకదానిని పెట్టి చూడుడు. పలికినచో దిగులులేదు. పలుకనియెడల, పట్టణములో ఉండగనే, బాకీలన్నియు తీర్చి, తీర్చినట్లు రసీదు పుచ్చుకొని, గుర్తింపు సంఖ్యను, కొన్న తేదీని తెలుపుచు కంపెనీకి వ్రాతపూర్వకముగ అర్జీ పెట్టుడు. అర్జీ సంఖ్యను భద్రపరచుకొనుడు. నోటిమాటగ అడిగిన నోటిమాటగనే కాదందురు. సంకేతాంకె వచ్చిన పిదప కొత్త సిమ్ముపెట్టి, దానిని జాగ్రత్తగ నొక్కవలెను. పలుమారులు తప్పు అంకెలు నొక్కిన కొన్ని ఫోనులు శాశ్వతముగ బిగుసుకొనిపోవును. అమెరికానుండి పిల్లలు తెచ్చిన ఫోనునకైతే, వారు తిరిగి విమానమెక్కకమునుపే ఈ పని చేయింపవలెను. ఖాతా వారి పేరనే యుండును గనుక, కంపెనీవారు మన అర్జీని వినరు.

హైదరాబాదులో కొట్లాడుకొన్న రెండు వలల సంగతి చెప్పుట మిగిలియున్నది. రిలయన్స్ కమ్యూనికేషన్స్‌వారు 2016లో సి.డి.ఎమ్.ఏ.ను విడిచి నాలుగవ తరమునకు మఱలిరి. 2017 చివర తమ మొబైలు మాటసేవను సైతము మూసివైచిరి. టాటావారి మొబైలు వ్యాపారము 2019 జూలై 1న ఎయిర్‌టెల్‌లో కలిసిపోయినది. సోదాలకు, నిర్బంధములకు, వ్యాజ్యమునకు కారణమైన ఆ శాంసంగ్ ఎన్-191లు, ఎల్.జి. 2030లు ఏ ఇంటి అటకపైన నున్నను, తాళము వేసినవియు తాళము విప్పినవియు ఇప్పుడు సమానమే. వానిని గుర్తించు గోపురము దేశమున ఎచ్చటను లేదు.